తెర వెనక దాచిన పేర్లు

1997 వేసవి సెలవుల్లో మా మామయ్య నాకు బ్రిక్ గేమ్ అనే, చేతిలో పట్టే ఆటల డబ్బా కొనిపెట్టాడు. విజయవాడ బీసెంట్ రోడ్డులో గొడుగు కింద వాచీలు, కళ్లజోళ్లు, టార్చిలైట్లు పరుచుకుని కూర్చున్న ఒకాయన దగ్గర. నూట ఇరవై చెప్పాడు, మామయ్య ఎనభైకి బేరమాడాడు. బ్యాటరీలు విడిగా కొనుక్కోవాలి. తెనాలి రైలు ఎక్కేలోపే స్టేషన్ బయట కొట్లో రెండు పెన్సిల్ సెల్స్ కొనిపించుకుని, కిటికీ పక్క సీటు కూడా వద్దనుకుని, వెలుతురు పడే చోటు వెతుక్కుని కూర్చున్నాను.

డబ్బా మీద పెద్ద అక్షరాలతో 9999 ఆటలని రాసి ఉంది. ఆ సెలవుల్లో నేను చేసిన పని వాటిని లెక్కపెట్టడం. నోటు పుస్తకంలో ఒక పేజీకి గీతలు కొట్టి, ఎ నుంచి మొదలుపెట్టి ఒక్కో అక్షరానికీ వచ్చే ఆట ఏమిటో రాసుకున్నాను. ఇటుకలు పేర్చే ఆట, కార్లు, ట్యాంకులు, రోడ్డు దాటే కప్ప, బంతితో గోడ పగలగొట్టే ఆట. కొన్ని డజన్ల దగ్గర కొత్తవి ఆగిపోయాయి. మిగతావన్నీ అవే ఆటలు, వేగం మారుతుంది, మొదలయ్యే మెట్టు మారుతుంది. మోసపోయానని మాత్రం అనిపించలేదు. ఎందుకంటే అప్పటికే ఇంకొక సంగతి నన్ను పట్టేసింది. ఆ తెర మీద అడ్డంగా పది గడులు, నిలువుగా ఇరవై. మొత్తం రెండు వందలు. ఒక్కో గడి వెలుగుతుంది, లేదా ఆరుతుంది. అంతకు మించి ఆ తెరకు ఏమీ చేతకాదు. ఏడు గడులు ఒక పద్ధతిలో వెలిగితే కారు. ఇంకో పద్ధతిలో వెలిగితే ట్యాంకు. కారు అని ఎవరూ చెప్పకపోయినా నా కంటికి కారే కనిపించేది. ఎవరో కూర్చుని, ఈ ఏడు గడులు చాలు, పిల్లవాడు మిగతాది ఊహించుకుంటాడు అని నిర్ణయించి ఉంటారు. ఆ మనిషి ఎవరు? డబ్బా అటూ ఇటూ తిప్పి చూశాను. పేరు లేదు.

ఆ రోజుల్లో మా ఊళ్లో రాత్రిపూట కరెంటు పోవడం మామూలే. ఎదురింటి వాళ్ల టీవీ గేమ్ ఆగిపోయేది, నాది ఆగేది కాదు. కానీ దాని తెరకు సొంత వెలుగు లేదు. అమ్మమ్మ లాంతరు వెలిగించి వంటింటి గుమ్మం దగ్గర పెడితే, ఆ వెలుతురు తెర మీద ఏటవాలుగా పడేట్టు బోర్లా పడుకుని ఆడేవాణ్ని. ఇప్పటికీ ఆ ఇటుకలు పడే చప్పుడు తలుచుకుంటే నాకు కిరసనాయిలు వాసన వస్తుంది.

ఇటుకల ఆట అసలు కథ చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. 1984లో మాస్కోలో అలెక్సీ పజిట్నోవ్ దాన్ని రాసిన ఎలెక్ట్రోనికా 60 యంత్రానికి బొమ్మలు గీయడమే రాదు. అక్షరాలు మాత్రమే చూపించగలదు. అందుకని ఆయన బ్రాకెట్ గుర్తులను జత చేసి ఇటుకలు చేశాడు. అది చదివినప్పుడు నాకు నా పది గడుల తెర గుర్తొచ్చి చాలా సంతోషం వేసింది. లేనితనంలోంచి పుట్టిన ఆట, లేనితనంలోనే నా దాకా వచ్చింది.

చేతిలో పట్టే ఆటల గురించి మాట్లాడితే గున్‌పెయ్ యొకోయ్ పేరు చెప్పకుండా ఉండలేను. జపాన్ ఆటల కంపెనీ నింటెండోలో పనిచేసేవాడు. రైల్లో ఒక ఉద్యోగి పొద్దుపోక క్యాలిక్యులేటర్ మీటలు నొక్కుతూ ఉండటం చూసి, జేబులో పట్టే ఆట చేయాలన్న ఆలోచన వచ్చిందంటారు. 1980లో గేమ్ అండ్ వాచ్, 1989లో గేమ్ బాయ్. ఆయన నమ్మిన సూత్రం ఒకటుంది: బాగా నలిగి, చవకైపోయిన సాంకేతికతను తీసుకుని కొత్తగా వాడటం. గేమ్ బాయ్‌కి రంగులు లేవు, తెరకు వెలుగు లేదు. అయినా రంగుల తెరతో పోటీకి వచ్చిన వాటికంటే అదే నిలబడింది, బ్యాటరీలు ఎక్కువసేపు వచ్చేవి గనక. నా ఎనభై రూపాయల డబ్బా ఆ వంశంలోని ఏ మునిమనవడో. 1997 అక్టోబరులో, నేను ఆ ఆటలు లెక్కపెట్టిన ఏడాదే, యొకోయ్ రోడ్డు ప్రమాదంలో పోయాడు.

*

బ్రౌజర్ మొదటిసారి చూసింది గుంటూరు బ్రాడీపేటలోని ఒక ఇంటర్నెట్ సెంటర్‌లో. ఇంటర్ రెండో సంవత్సరం. గంటకు ముప్పై రూపాయలు, అరగంటకు పదిహేను. ప్లైవుడ్ గదులు, ప్రతి గదికీ ఒక తెర, లోపల విండోస్ 98. రిజిస్టర్‌లో పేరు, టైము రాయాలి. నేను చొక్కా జేబులో చీటీ పెట్టుకుని వెళ్లేవాణ్ని, ఏమేం చూడాలో ముందే రాసుకుని. ఒక్క నిమిషం వృథా కాకూడదు. పేజీ పై నుంచి కిందికి నెమ్మదిగా తెరుచుకుంటుంటే, ఆ ఖాళీలో చీటీలోని తర్వాతి వరుస చదువుకునేవాణ్ని.

ఆ చీటీలో ఒకరోజు ఒక వింత మాట ఉంది. ఒక కంప్యూటర్ పత్రికలో చదివింది. అడ్రసు పట్టీలో అబౌట్ అని, కోలన్ పెట్టి, మొజిల్లా అని టైపు చేసి ఎంటర్ నొక్కమని. నొక్కాను. తెరంతా నీలం. ఒక్క అక్షరం లేదు. ఎర్రర్ కూడా రాలేదు. ఏదో చెడగొట్టానని భయపడి ఆ విండో మూసేశాను.

ఇంజనీరింగ్‌లో చేరాక మా కాలేజీ ల్యాబ్‌లో కొన్ని పాత యంత్రాల్లో నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ ఉండేది. ఒకరోజు ఎందుకో గుర్తొచ్చి దానిలో అదే మాట కొట్టాను. ఈసారి తెర ముదురు ఎరుపుకి తిరిగింది, మధ్యలో తెల్లటి అక్షరాల్లో ఒక ప్రవచనం. పాత మతగ్రంథం పలుకుబడిలో, అధ్యాయం, వాక్యం సంఖ్యలతో సహా. ఒక మృగం గురించి. అర్థం కాలేదు గానీ ఒళ్లు జలదరించింది. అప్పటిదాకా ప్రోగ్రామంటే మర యంత్రం లాంటిది నాకు. బియ్యం పోస్తే పిండి వస్తుంది. ఆ రోజు మర లోపల్నుంచి ఎవరో పలికినట్టయింది.

తర్వాత ఆ మృగం ఎవరో తెలుసుకున్నాను. నెట్‌స్కేప్ లోపలి పేరు మొజిల్లా, దానికొక బల్లి రాక్షసుడి బొమ్మ. ఆ వాక్యాలు ఉత్త మాటలు కావు, వాళ్ల చరిత్ర. 3:31 అని ఉన్న వాక్యం 1998 మార్చి 31ని గుర్తుచేస్తుంది. నెట్‌స్కేప్ తన కోడ్ అంతా ప్రపంచానికి తెరిచిపెట్టిన రోజు అది. 7:15 అన్నది 2003 జూలై 15. నెట్‌స్కేప్ విభాగాన్ని యాజమాన్యం మూసేసిన రోజు, మొజిల్లా ఫౌండేషన్ పుట్టిన రోజు. బతుకు పోరాటాన్ని పురాణంగా రాసి, బ్రౌజర్ లోపలే దాచి, ప్రతి కంప్యూటర్‌లోకీ పంపారు. ఇక నేను మొదట చూసిన నీలం తెర ఉందే, అది మైక్రోసాఫ్ట్ బ్రౌజర్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ వాళ్ల సమాధానం. శత్రువు పేరు పిలిస్తే పలకవలసిన తీరు అది. రెండు బ్రౌజర్ల యుద్ధంలో ఒక దెబ్బను నేను బ్రాడీపేటలో పదిహేను రూపాయలిచ్చి చూశానన్నమాట.

ఆ యుద్ధంలో నాకు బాగా నచ్చిన ఘట్టం 1997 అక్టోబరుది. ఎక్స్‌ప్లోరర్ నాలుగో వెర్షన్ విడుదలైన రాత్రి, దాన్ని చేసినవాళ్లు మనిషికంటే ఎత్తైన నీలి 'ఇ' అక్షరం బొమ్మను తీసుకెళ్లి నెట్‌స్కేప్ ఆఫీసు ముందు పచ్చికలో పెట్టి వచ్చారు. పొద్దున్నే నెట్‌స్కేప్ వాళ్లు దాన్ని పడదోసి, మీద తమ మొజిల్లా బొమ్మను నిలబెట్టి, చేతికి ఒక పలక ఇచ్చారు: నెట్‌స్కేప్ 72, మైక్రోసాఫ్ట్ 18. అప్పటి వాటాలు అవి. కొన్నేళ్లకు ఆ అంకెలు తలకిందులయ్యాయి. విండోస్‌తో పాటే ఉచితంగా వచ్చే బ్రౌజర్‌ను దాటి ఇంకొకటి ఎక్కించుకునే ఓపిక ఎంతమందికి ఉంటుంది?

*

ఇప్పుడు తాతయ్య గురించి చెప్పాలి.

మా అమ్మ నాన్నగారు ఓరియంటల్ పాఠశాలలో తెలుగు పండితుడిగా చేసి రిటైరయ్యాడు. కంప్యూటర్ అంటే వైరం లేదు, ఆసక్తీ లేదు. మామయ్య గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ వ్యాపారి దగ్గర లెక్కలు చూసేవాడు. ఆ ఆఫీసులో 2000 ప్రాంతంలో ఒక కంప్యూటర్ వచ్చింది, అందులో ఎక్సెల్ 97. ఆదివారం యార్డుకి సెలవు. మామయ్య తాళాలు తీసుకుని వెళ్తుంటే నేనూ వెంటపడేవాణ్ని. ఒక ఆదివారం తాతయ్య కూడా వచ్చాడు, కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాల్సి ఉండి. గదిలోకి అడుగు పెట్టగానే గొంతులో మిరపకారం గరగరలాడేది. తాతయ్య ఉత్తరీయం ముక్కుకి అడ్డం పెట్టుకుని, నా వెనక కుర్చీలో కూర్చున్నాడు.

నా చీటీలో ఆ రోజు మంత్రం ఇది. కొత్త షీటు తెరవాలి. ఎఫ్5 నొక్కాలి. ఎక్స్97 కోలన్ ఎల్97 అని కొట్టి ఎంటర్. ట్యాబ్ ఒకసారి. కంట్రోల్, షిఫ్ట్ రెండూ పట్టుకుని చార్ట్ విజార్డ్ బొమ్మ మీద క్లిక్. నాలుగోసారికి కుదిరింది. లెక్కల పట్టీ మాయమైపోయి ఊదారంగు కొండలూ లోయలూ వచ్చాయి. మౌస్ కదిపితే వాటి మీద ఎగురుతున్నాం. ఎడమ మీట నొక్కితే ముందుకు, కుడి మీట నొక్కితే వెనక్కి. తిరిగి తిరిగి ఒకచోట నల్లటి రాతిపలక కనిపించింది. దాని మీద పేర్లు, కింది నుంచి పైకి జరుగుతూ.

"ఎవర్రా వీళ్లంతా?" అన్నాడు తాతయ్య.

"దీన్ని చేసినవాళ్లు తాతయ్యా. పైన ఎక్కడా వాళ్ల పేర్లు ఉండవు. ఇలా లోపల దాచుకున్నారు."

తాతయ్య కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత బల్ల మీదున్న పట్టీ కాగితం ఒకటి తిప్పి, వెనక ఖాళీ వైపు నా పెన్నుతో ఒక వలయం గీశాడు. దాని లోపల మరికొన్ని వలయాలు. మధ్య నుంచి చక్రం ఆకుల్లా ఆరు గీతలు. "మాఘుడు ఇదే పని చేశాడ్రా" అన్నాడు.

చక్రబంధం గురించి నేను విన్నది అప్పుడే. సంస్కృత కవి మాఘుడి శిశుపాలవధ కావ్యంలో పంతొమ్మిదో సర్గ చివర ఒక శ్లోకం ఉంది. మామూలుగా చదివితే యుద్ధ వర్ణన. దాని అక్షరాలను చక్రం ఆకుల మీద పద్ధతి ప్రకారం పేర్చి, ఒక వలయం చుట్టూ చదివితే 'మాఘకావ్యమిదం' అని వస్తుంది. ఇంకొక వలయం చుట్టూ చదివితే 'శిశుపాలవధః'. ఇది మాఘుడి కావ్యం, దీని పేరు శిశుపాలవధ అని. వలయానికి ఆరు అక్షరాలు, ఆరు ఆకులకు సరిగ్గా సరిపోయాయి. తాతయ్య ఒక్కో అక్షరమూ గీత మీద రాస్తూ చెబుతున్నాడు. శ్లోకం కంఠస్థం. మన తెలుగు కవులు కూడా ఇలాంటివి రాశారనీ, మూడు పాదాల్లో నాలుగో పాదం అక్షరాలను దాచిపెట్టే గూఢచతుర్థి అనే విద్య కూడా ఉందనీ చెప్పాడు. "వెతికేవాడికోసం రాస్తారు. వెతకనివాడికి శ్లోకం ఎలాగూ ఉంది కదా" అన్నాడు.

ఆ కాగితాన్ని చాలాకాలం దాచుకున్నాను. ఒక వైపు తాలుకాయ, మేలురకం బస్తాల లెక్క. ఇంకోవైపు మాఘుడి చక్రం.

ప్రోగ్రాముల్లో ఈ పని ఎవరు మొదలుపెట్టారా అని వెతికితే దొరికిన కథల్లో అందరూ ముందు చెప్పేది వారెన్ రాబినెట్‌ది. అటారీ సంస్థలో ఆటలు రాసేవాడు. అక్కడ ఆట డబ్బా మీద రాసినవాడి పేరు వేసేవారు కాదు. ఆటంతా ఒక్కడే రాయాలి, ఊహ, బొమ్మ, చప్పుడు, కోడ్, అన్నీ. పేరు మాత్రం సంస్థది. అడ్వెంచర్ అనే తన ఆటలో ఆయన ఎవరికీ చెప్పకుండా ఒక గది కట్టాడు. ఒక చోట నేల రంగులోనే ఉండే, ఒకే ఒక్క చుక్కంత వస్తువు దొరుకుతుంది. దాన్ని మోసుకుని సరైన గోడ దగ్గరికి వెళ్తే దారి తెరుచుకుంటుంది. లోపల నిలువునా మెరుస్తూ ఒకే వాక్యం: దీన్ని సృష్టించింది వారెన్ రాబినెట్. నాలుగు కిలోబైట్ల ఆటలో ఒక గది! ఆయన ఉద్యోగం మానేసి వెళ్లిపోయాక, ఒక కుర్రాడు కనిపెట్టి సంస్థకు ఉత్తరం రాస్తే గానీ వాళ్లకే తెలియలేదు. అక్కడే పనిచేసే స్టీవ్ రైట్ దాన్ని ఈస్టర్ గుడ్లతో పోల్చాడు. పండగకి పెద్దలు తోటలో దాస్తే పిల్లలు వెతుక్కునే గుడ్లు. ఆ పేరే నిలిచిపోయింది. నాకు మాత్రం మనసులో అది చక్రబంధమే.

*

హాస్టల్ రోజులు నోకియా రోజులు. 3310, 1100. రాత్రి లైట్లు తీసేశాక దుప్పట్లో పాము ఆట. రెండు గదుల మధ్య స్కోర్ల పోటీ, గోడ మీద పెన్సిల్‌తో రాత. పామును మొదట 1997లో నోకియా 6110 కోసం టానేలి అర్మాంటో రాశాడు. మా చేతుల్లోని పాము గోడలు దాటి అవతలి పక్క నుంచి వచ్చేది, అది రెండో తరం. బ్రిక్ గేమ్ మీద పెరిగిన నాకు అది అన్నదమ్ముడిలా అనిపించేది. మళ్లీ అవే గడులు, అదే నలుపు, కానీ ఈసారి తెరకు సొంత వెలుగు ఉంది.

2005లో హైదరాబాద్‌లో ఉద్యోగం. అమీర్‌పేటలో ముగ్గురం ఒక గది. జీతంలో మిగిల్చి, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో విడిభాగాలు కొని కంప్యూటర్ బిగించుకున్నాం. అందులో ముందు ఎక్కించింది ఫైర్‌ఫాక్స్. ఆ బ్రౌజర్ మీద నాకున్న ప్రేమ ఇప్పటికీ తగ్గలేదు. 2002లో ఫీనిక్స్ అన్న పేరుతో నెట్‌స్కేప్ బూడిదలోంచి లేచింది, తర్వాత ఫైర్‌బర్డ్ అయింది, 2004లో ఫైర్‌ఫాక్స్. ఆ ఏడాది నవంబరు 9న 1.0 వచ్చింది. డిసెంబరులో న్యూయార్క్ టైమ్స్ పత్రికలో రెండు పేజీల ప్రకటన వేశారు, వాడేవాళ్లే చందాలు పోగేసి. చందా ఇచ్చినవాళ్ల పేర్లన్నీ, దాదాపు పదివేలు, ఆ పేజీల్లో అచ్చయ్యాయి. పేర్లు దాచుకోనక్కర్లేని చోటు అది. అబౌట్ క్రెడిట్స్ అని కొడితే ఇప్పటికీ చేసినవాళ్ల జాబితా వస్తుంది. అలాగని కొంటెతనం పోలేదు. మూడో వెర్షన్ నుంచి అబౌట్ రోబోట్స్ అని కొడితే మరమనుషుల సందేశం ఒకటి వస్తుంది, కింద ఒక మీట. నొక్కితే, ఈ మీట మళ్లీ నొక్కవద్దు అంటుంది. ఇంకోసారి నొక్కితే మీట మాయం. ఆ మూడో వెర్షన్ విడుదలైన 2008 జూన్‌లో ఒక్కరోజులో ఎనభై లక్షల పైచిలుకు డౌన్‌లోడ్లు జరిగి గిన్నిస్‌కెక్కింది. అందులో మా గదివి మూడు.

కానీ ఫైర్‌ఫాక్స్‌లో ఒక కష్టం ఉండేది, ఇది మన భాషకు సంబంధించింది. అప్పటికి తెలుగు దినపత్రికల సైట్లు ఎవరి ఫాంటు వాళ్లు తయారుచేసుకుని నడిపేవి. లోపల రాసింది ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. వాటి మీద తెలుగు ఆకారాల ముసుగు. ఆ ముసుగును పేజీతో పాటు పంపే ఏర్పాటు ఎక్స్‌ప్లోరర్‌లోనే పనిచేసేది. నేను రోజూ చదివే పత్రికను ఫైర్‌ఫాక్స్‌లో తెరిస్తే చుక్కలూ గీతలూ కొక్కేలూ. వార్త కాపీ చేసి ఎవరికైనా పంపితే వాళ్లకూ అంతే. గూగుల్‌లో వెతికితే దొరకదు. తెలుగులో ఉన్నట్టే ఉంది, తెలుగు కాదు.

దానికి పరిష్కారం పద్మ. నాగార్జున వెన్న రాసిన చిన్న పొడిగింపు, ఫైర్‌ఫాక్స్‌లో చేర్చుకుంటే చాలు. పేజీ తెరవగానే ఏ ఫాంటు ముసుగు వేసుకుందో గుర్తుపట్టి, ఒక్కో గుర్తునూ తీసి అసలైన యూనికోడ్ తెలుగులోకి, అంటే ఏ కంప్యూటరైనా ఒకేలా చదివే అక్షరాల్లోకి మార్చేది. ఒత్తులు, గుణింతాలు, అన్నీ సరైన వరుసలోకి తెచ్చి. ఇది చెప్పినంత సులువు కాదు. ఫాంటులో ఒత్తు ఒక చోట ఉంటుంది, యూనికోడ్‌లో ఇంకో చోట ఉండాలి. తలకట్టు వేరే ముక్క, దీర్ఘం వేరే ముక్క. ఫాంటు మారితే పట్టిక మొత్తం మారుతుంది. అలాంటి పట్టికలు ఒక్కో పత్రికకీ విడివిడిగా కూర్చి పెట్టారు. పద్మ చేర్చుకున్న పొద్దున తెర మీద చుక్కలు చెదిరి అక్షరాలయ్యాయి. మా గదిలో ముగ్గురం కుర్చీ చుట్టూ నిలబడి చూశాం. నెట్‌స్కేప్ కోడ్ తెరిచిపెట్టకపోతే ఫైర్‌ఫాక్స్ లేదు, ఫైర్‌ఫాక్స్‌కు పొడిగింపులు చేర్చే వీలు లేకపోతే పద్మ లేదు. ఆ ఎర్ర తెర మీది పురాణంలో మన అధ్యాయం కూడా ఒకటుందని నాకు గట్టిగా అనిపించింది.

*

2008లో మా బావ అమెరికా నుంచి వస్తూ తన నింటెండో డీఎస్ లైట్ తెచ్చాడు. మడత పెట్టే పుస్తకంలా రెండు తెరలు, కింది దాని మీద పుల్లతో రాయొచ్చు. ఆటలు ఉన్నాయి, సరే. నన్ను ఆశ్చర్యపరిచింది దానిలోని బ్రౌజర్. నార్వే వాళ్ల ఓపెరాను ఆట బిళ్లగా చేసి అమ్మారు. డీఎస్‌కి ఉన్న జ్ఞాపకం నాలుగే మెగాబైట్లు. వెబ్ పేజీకి అది చాలదు. అందుకని అదనంగా ఎనిమిది మెగాబైట్ల ముక్క ఒకటి ఇచ్చారు, పాత గేమ్ బాయ్ అడ్వాన్స్ ఆటలు పెట్టే రంధ్రంలో దూర్చడానికి. గేమ్ బాయ్ ఉండాల్సిన చోట జ్ఞాపకశక్తిని పెట్టడం! యొకోయ్ ఉంటే మెచ్చుకునేవాడేమో. వేగం లేదు, పేజీ విప్పుకునేలోపు కాఫీ చల్లారిపోతుంది. అయినా బావ పడుకున్నాక పన్నెండు గంటల దాకా దానితో కూర్చున్నాను.

సోనీ వాళ్ల చేతి ఆటల యంత్రం పీఎస్‌పీ కథ ఇంకా బాగుంటుంది. 2005లో అది అమెరికాలో కొత్తగా వచ్చినప్పుడు దానిలో బ్రౌజర్ లేదు. వైపౌట్ ప్యూర్ అనే ఆటలో అదనపు సరుకు దించుకోవడానికి ఒక పేజీ తెరుచుకునేది. జనం పసిగట్టారు. పేజీ తెరుచుకుంటోందంటే లోపల బ్రౌజర్ ఉన్నట్టే. నెట్ అమరికల్లో డీఎన్ఎస్, అంటే సైటు పేరు చూసి దాని చోటు చెప్పే సర్వర్, చిరునామా మార్చి, ఆ పేజీని తమకు కావలసిన చోటికి మళ్లించారు. పందెపు ఆట లోపలి నుంచి వెబ్ చూశారు. చేసినవాళ్లు దాచాలని దాచింది కాదది. చూసేవాళ్ల కుతూహలమే గోడలో తలుపు కనిపెట్టింది.

మైక్రోసాఫ్ట్‌లో మాత్రం ఈ దాగుడుమూతలకు అప్పటికే తెరపడింది. 2002లో నమ్మకమైన కంప్యూటింగ్ అన్నది వాళ్ల మొదటి మాట అయ్యాక, దాచిన కోడ్ ఉండరాదని తీర్మానించుకున్నారు. నేను ఇప్పుడు బ్యాంకులకు సాఫ్ట్‌వేర్ రాసే మనిషిని, ఆ నిర్ణయం సరైనదనే అంటాను. ప్రభుత్వం కొనే ప్రోగ్రాములో ఎవరికీ చెప్పని గది ఉంటే, ఇంకేం గదులున్నాయో అన్న ప్రశ్న న్యాయమైనదే. పరీక్షించని ప్రతి వరుసా ఒక ప్రమాదం. కానీ గదితో పాటు పేర్లూ పోయాయి. ఎక్సెల్‌లో ఊదా కొండలు తీసేసినవాళ్లు, మామూలు మెనూలో అందరికీ కనిపించేట్టు ఒక పేజీ పెట్టి ఆ పేర్లు రాసి ఉండాల్సింది. సినిమా చివర లైట్‌బాయ్‌ల పేర్ల దాకా వేస్తారు కదా.

కొంటెతనం గూగుల్ వాళ్ల చేతుల్లో ఇంకా బతికే ఉంది. 2010లో యూట్యూబ్‌లో వీడియో రాక చుక్కలు గుండ్రంగా తిరుగుతుంటే, బాణం మీటలు నొక్కితే ఆ చుక్కలే పాముగా మారేవి. నోకియా పాము బ్రౌజర్‌లోకి పాకి వచ్చినట్టు. 2014లో వచ్చిన, నెట్ పోతే క్రోమ్ బ్రౌజర్‌లో ఆడుకునే డైనోసార్ ఆట అందరికీ తెలిసిందే. నెట్ లేని కాలం అంటే ఆదిమ కాలం అన్నది అందులోని చమత్కారం. దాన్ని ఎక్కువగా ఆడేది డేటా ఖరీదైన, సిగ్నల్ నిలకడ లేని దేశాల్లోనని చేసినవాళ్లే చెప్పారు. ఆ దేశాల్లో మనదీ ఉంది. ఆశ్చర్యం లేదు. కరెంటు పోయిన రాత్రి లాంతరు ముందు ఆడుకున్నవాళ్లకి ఆ ఆట ఎందుకు పుట్టిందో వేరే చెప్పాలా.

*

చివరిగా 2009.

నా దగ్గర నోకియా 3110 క్లాసిక్ ఉండేది. అరచేతిలో సగం కూడా లేని తెర. అందులో ఓపెరా మినీ బ్రౌజర్. పేజీని ఫోన్ నేరుగా తెచ్చుకోదు. ఓపెరా సర్వర్ తెచ్చి, పిండి, చిన్నది చేసి ఫోన్‌కి పంపుతుంది. జీపీఆర్ఎస్ లాంటి నెమ్మది నెట్ మీద కూడా చకచకా తెరుచుకునేది. ఒక్కటే లోటు, తెలుగు. ఫోన్‌లో తెలుగు ఫాంటు లేదు గనక ప్రతి అక్షరమూ ఒక ఖాళీ డబ్బా. తెలుగు వికీపీడియా తెరిస్తే డబ్బాల వరుసలు.

బ్లాగులు రాసే మిత్రుడొకరు ఒక రాత్రి ఫోన్ చేసి చెప్పాడు. అడ్రసు పట్టీలో ఓపెరా, కోలన్, కాన్ఫిగ్ అని కొట్టు. మెనూల్లో ఎక్కడా కనిపించని పేజీ వస్తుంది. కిందికి వెళ్తే, క్లిష్టమైన లిపులకు బొమ్మ అక్షరాలు వాడాలా అని ఉంటుంది. అవును అని పెట్టి సేవ్ చెయ్యి. బ్రాడీపేట చీటీ మళ్లీ చేతికొచ్చినట్టయింది నాకు. చేశాను. వికీపీడియా మళ్లీ తెరిచాను. డబ్బాల చోట తెలుగు. సన్నగా, కాస్త గరుగ్గా, కానీ ఒత్తులు ఒత్తుల చోట, సున్నా సున్నా చోట. ఫోన్‌కి తెలుగు రాకపోతేనేం, సర్వర్ అక్షరాలన్నీ బొమ్మలుగా గీసి పంపుతోంది.

ఆ శనివారమే తెనాలి వెళ్లాను. తాతయ్య వసారాలో వాలుకుర్చీలో ఉన్నాడు. కంటి ఆపరేషన్ అయి కొత్త అద్దాలు. తెనాలి వ్యాసం తెరిచి ఫోన్ చేతిలో పెట్టాను. "తెలుగే?" అంటూ కళ్లకు దగ్గరగా తెచ్చుకున్నాడు. ఎనిమిది నొక్కితే కిందికి, రెండు నొక్కితే పైకి అని చూపించాను. మొదట బొటనవేలు జారింది, తర్వాత పట్టుకున్నాడు. వంటింట్లో ఉన్న అమ్మమ్మకి వినపడేట్టు పైకే చదివాడు, బడిలో పాఠం చదివినట్టు విరుపులతో. ఒకచోట ఆగి, ఇక్కడ ఒత్తు తప్పు అన్నాడు. వ్యాసం చివరిదాకా వెళ్లాక అద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఇందులో అచ్చు ఎవరు పోస్తున్నార్రా?"

అక్షరాలు ఫోన్‌లో లేవనీ, ఎక్కడో దూరదేశంలో యంత్రాలు గీసి పంపుతున్నాయనీ చెప్పాను.

"యంత్రం సరే. దానికి మన ఒత్తులు నేర్పినవాడు ఒకడుంటాడుగా. వాడి పేరు ఎక్కడ రాసుకున్నాడు?"

నా దగ్గర జవాబు లేదు. ఫోన్ తీసుకుని మెనూలన్నీ తిరగేశాను, కాన్ఫిగ్ పేజీ కూడా మరోసారి చూశాను. కనిపించలేదు. తాతయ్య చెయ్యి చాపి ఫోన్ వెనక్కి తీసుకున్నాడు. "ఉంటుందిలే, నిదానంగా వెతుకుదువుగాని" అని, రెండో నంబరు మీట పట్టి నొక్కుతూ పేజీ మొదటికి వెళ్లి, మళ్లీ పైకి చదవడం మొదలుపెట్టాడు.